ఉప్పు మాత్రలు

4 ఆగస్టు 1990, శనివారం

రెండు రోజులుగా కువైట్‌కు లైన్ లేదు. ట్రంక్ బోర్డు మీద బొంబాయి వాళ్లను అడిగితే "కువైట్ డెడ్" అని ప్లగ్గు తీసేస్తున్నారు. మొదట కేబుల్ పాడైందేమో అనుకున్నాను. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిందని ఇవాళ పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు.

పొద్దుటి నుంచి మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ ముందు జనం. వర్ని, కోటగిరి, రెంజల్ నుంచి వచ్చారు. అందరి మనుషులూ కువైట్‌లోనే ఉన్నారు. కిటికీలోంచి అందరికీ ఒకే మాట చెప్పాను, లైన్ లేదని. మా రాజేశ్వరన్న కూడా ఆరేళ్లుగా అక్కడే పాల కంపెనీ బండి నడుపుతున్నాడని ఎవరికీ చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా.

ఇంటికొచ్చి చెప్పాను. అవ్వ, అంటే మా అమ్మ, ఒళ్లోంచి బీడీల చాట దించలేదు. "లైన్ లేదంటె మనిషి లేడని కాదు గద" అన్నది. అంజవ్వ వదిన లేచి వాకిట్లోకి వెళ్లింది. ఆరేసిన బట్టలు ఇంకా తడిగా ఉండగానే తీసుకొచ్చి మడతపెట్టింది.

అలమారలో నా మాత్రల సీసా తీసి చూశాను. నలభై ఎనిమిది ఉన్నాయి. ఊరికే చూశాను.

6 ఆగస్టు

బోధన్‌లో ఉన్న మందుల షాపులన్నీ తిరిగాను. తొమ్మిదేళ్ల కింద ఒకసారి తిరిగాను, ఇప్పుడు మళ్లీ. దేవిదాస్ షాపులో సీసా మీది పేరు చూపించాను. అతను కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని, "ఈ పేరే ఇనలే అక్కా. పొద్దటి గోలీలు ఎన్నంటె అన్ని ఇస్త. ఇది మన దేశంల రాదు" అన్నాడు.

పొద్దటి మాత్రకు ఇబ్బంది లేదు. అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. రెండోదే, ఈ చిన్న తెల్ల మాత్ర. మా ఇంట్లో దాన్ని ఉప్పు మాత్ర అంటాం. మూత్రపిండాల మీది గ్రంథులను ఎప్పుడో క్షయ తినేసిందనీ, అవి చేయాల్సిన పని ఈ మాత్రలు చేస్తాయనీ, ఇది లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదనీ హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. చెప్పే నాటికి నా ముఖం, చేతులు నల్లబడిపోయి ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ పడిపోయేదాన్ని. అత్తగారి వాళ్లు అప్పటికే పుట్టింటికి పంపేశారు. మాత్ర మొదలుపెట్టిన నెలకు లేచి తిరిగాను, ఏడాదికి ఈ ఉద్యోగంలో చేరాను.

మొదట్లో హైదరాబాద్ డాక్టరే ఎవరిచేతో తెప్పించి ఇచ్చేవాడు, ఆయన ఇప్పుడు లేడు. ఆరేళ్లుగా సీసాలు అన్నే పంపుతున్నాడు. మూడు నెలలకొకటి, సెలవు మీద వచ్చే ఎవరో ఒకరి పెట్టెలో. ఎన్నడూ ఆలస్యం కాలేదు. అందుకే ఎక్కువ తెప్పించి పెట్టుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు.

11 ఆగస్టు

ఇవాళ్టి నుంచి సగం. అవసరమైతే తగ్గించుకోవచ్చని డాక్టరు ఎప్పుడో అన్నట్టు గుర్తు.

15 ఆగస్టు

జెండా పండగ. బోర్డు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం నాందేడ్ ఆపరేటర్ గోదావరి లైన్లోకి వచ్చింది. ఆమెను ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రం ఏడేళ్లుగా తెలుసు. బిలోలి దగ్గరి పిల్ల, తెలుగు వస్తుంది, మధ్యమధ్యలో మరాఠీ పడుతుంది.

"బోధన్ తాయీ, గొంతు గట్లున్నదేంది?" అన్నది.

తాయీ అంటే అక్కా అని. ఆ పిలుపుకో ఏమో, చెప్పేశాను. అన్న సంగతి చెప్పాను. తర్వాత మాత్ర సంగతి కూడా చెప్పాను. పేరు స్పెల్లింగ్ చెప్పమంటే ఒక్కో అక్షరం చెప్పాను. రాసుకుంది.

"నేను ఔరంగాబాద్‌కు చెప్త. ఔరంగాబాద్ బొంబాయికి చెప్తది. బొంబాయిల దొరకనిది ఏముంటది?"

"డ్యూటీల ఇట్ల మాట్లాడితె నీకు మెమో ఇస్తరు."

"ఇయ్యనీ. ఇప్పటికి రెండున్నయి."

నవ్వాను. లైన్లో నవ్వి చాలా రోజులైంది.

బాగానే ఉన్నాను. సగంతో ఏమీ తేడా తెలియడం లేదు.

19 ఆగస్టు

బాగానే ఉన్నాను. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువ వేసుకుంటున్నాను, అంతే.

24 ఆగస్టు, వినాయక చవితి

ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద గణపతులు వెళ్తున్నాయి. మా ఇంట్లో మాత్రం బొమ్మ పెట్టలేదు.

వదిన నాతో గొడవపడింది. గొడవ అనకూడదు. మెల్లగానే అడిగింది.

"రోజూ బొంబాయితోని, నాందేడ్‌తోని మాట్లాడుతున్నవట. మీ అన్న సంగతి అడుగుతున్నవా, నీ గోలీల సంగతి అడుగుతున్నవా?"

"రెండూ అడుగుతున్న వదినా."

"ముందుగాల ఏది అడుగుతవ్?"

అవ్వ బీడీలకు దారం చుట్టడం ఆపి ఇద్దరినీ చూసింది. వదిన లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అన్నం వడ్డించింది, నా పళ్లెం పక్కన మామిడికాయ తొక్కు కూడా పెట్టింది. తను తినలేదు.

అన్న సంగతే ముందు అడుగుతాను. దాదాపు ఎప్పుడూ.

1 సెప్టెంబర్

మనవాళ్లను బస్సుల్లో జోర్డాన్ తీసుకెళ్లి అక్కడి నుంచి విమానాల్లో బొంబాయికి తెస్తున్నారట. కోటగిరి అతను ఒకడు వచ్చాడు. అన్న గురించి అడిగితే, "ఆ కంపెనోళ్లు మా కంటె ముందుగాలనే బయలెల్లిండ్రు" అన్నాడు. ముందు బయలుదేరినవాళ్లు ఇంకా ఎందుకు రాలేదో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

మాత్ర నాలుగు ముక్కలు చేశాను. బ్లేడుతో కోస్తే ఒక ముక్క పొడైపోయింది. వేలితో అద్దుకుని నాకాను.

5 సెప్టెంబర్

బాగానే ఉన్నాను. మెట్లు ఎక్కితే కొంచెం.

12 సెప్టెంబర్, నిజామాబాద్ దవాఖాన

నాలుగు రోజుల తర్వాత పెన్ను పట్టుకుంటున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

శనివారం బోర్డు మీద ఉన్నాను. డిచ్‌పల్లి కాల్ ఒకటి కలుపుతున్నాను. ప్లగ్గు రంధ్రంలో పెట్టబోతే రంధ్రాలు జరిగిపోయాయి. అంతవరకే గుర్తుంది. హెడ్‌సెట్‌తో సహా కింద పడ్డానట. నా చెవిలో డిచ్‌పల్లి అతను హలో హలో అంటూనే ఉన్నాడట.

ఎక్స్‌ఛేంజ్ జీపులో ఇక్కడికి తెచ్చారు. రెండు సీసాల సెలైన్ ఎక్కాక కళ్లు తెరిచాను. వదిన మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. డాక్టర్ రామస్వామి గారు పెద్దాయన. వదిన తెచ్చిన పాత మందుల చీటీ చదివి, నాడి పట్టుకుని, నా అరచేతులు తిప్పి చూసి అడిగారు.

"మాత్ర మానేశావా?"

"లేదు సార్. సగం చేసిన."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు రోజుల సంది సార్."

వదిన కిందనుంచే అన్నది: "నెలయితున్నది సార్. బ్లేడుతోని కోస్తది. మొన్నటి సంది నాలుగు ముక్కలు చేస్తున్నది."

వదినకు తెలుసని నాకు తెలియదు.

"సీసాలో ఇంకా ఎన్నున్నాయి?" అన్నారు డాక్టరు.

వదిన కొంగు ముడి విప్పి సీసా తీసింది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు పట్టుకొచ్చిందట. ఆయన అరచేతిలో పోసి చూశారు. ఇరవై ఎనిమిదో, తొమ్మిదో ఉన్నాయి.

"ఇన్ని దగ్గర పెట్టుకొని చావబోయినవు" అన్నారు. కోపంగా అనలేదు. మాత్రలను ఒక్కొక్కటే మళ్లీ సీసాలో వేశారు. "ఇవాళ్టి నుంచి రోజుకొకటి, నిండుది. అయిపోయినాక సంగతి నేను చూస్త. ఉప్పుతోని, ఇంజెక్షన్లతోని కొన్నాళ్లు నడిపించొచ్చు. మనిషే లేకపోతే ఏం నడిపిస్త?"

ఆయన వెళ్లాక వదినను అడిగాను, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని.

"చెప్తె నిండుది ఏసుకుంటవు. ఏసుకుంటె జల్ది ఒడుస్తయి. ఒడిసినంక ఏమైతదో అని నాక్కూడ భయమాయె" అన్నది. ఇద్దరం ఒకే లెక్క వేసుకున్నాం, ఒకరికొకరు చెప్పుకోకుండా.

నిండు మాత్ర వేసుకుని మూడు రోజులైంది. ఇవాళ గోడకున్న కేలండర్లో అంకెలు కదలకుండా నిలబడ్డాయి.

15 సెప్టెంబర్, ఇల్లు

నిన్న వదిన ఒక్కతే బస్సెక్కి భీమ్‌గల్ వెళ్లివచ్చింది. దుబాయి నుంచి ఎవరో వచ్చారని విని వెళ్లింది. చదువు రాదు కాబట్టి పాత ఖాళీ సీసా తీసుకెళ్లి ఇంటింటికీ చూపించిందట. ఒక ముసలమ్మ జాలిపడి తన కొడుకు తెచ్చిన బలం గోలీలు రెండు సీసాలు ఇచ్చిందట. ఎర్రగా, పెద్దగా, చేప నూనె వాసన. వదిన వాటిని గూట్లో పెట్టి, "వద్దనలేకపోయిన" అన్నది. అవ్వ రోజూ ఒకటి వేసుకుంటానంటోంది.

17 సెప్టెంబర్, సోమవారం

ఈ రోజు సంగతి తొందరపడకుండా రాయాలి.

మళ్లీ డ్యూటీలో చేరి ఇది రెండో రోజు. పదకొండున్నరకు నిజామాబాద్ లైట్ వెలిగింది. ప్లగ్గు పెట్టాను.

"బోధన్, బొంబాయి నుంచి ట్రంక్. పి.పి. కాల్. మీ ఎక్స్‌ఛేంజ్‌కే."

"ఎవరి పేరు?"

"గంగమణి."

"నేనే" అన్నాను.

కాసేపు గాలి హోరు. తర్వాత, "గంగా" అన్నాడు.

నేను రోజూ ఎందరి గొంతులనో కలుపుతాను. ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు. నా వంతు వచ్చేసరికి "హలో, మాట్లాడండి" అన్నాను, అలవాటుగా.

"మాట్లాడుతున్న గద" అన్నాడు అన్న. "నిన్న దిగిన. మంచిగున్న. కాళ్లు జెర వాచినయి, అంతే. వదినకు చెప్పు. అవ్వకు చెప్పు."

"తిన్నవా?"

"తిన్న. మనోళ్లు పూరీలు పెట్టిండ్రు. గంగా, నీ తబియత్ ఎట్లున్నది?"

"మంచిగున్నది" అన్నాను. ఈసారి నిజమే.

ట్రంక్ కాల్‌కు ఉండే మూడు నిమిషాలు దాటాయి. బొంబాయి ఆపరేటర్ మధ్యలోకి రాలేదు. ఆరు నిమిషాలకు కూడా రాలేదు. అన్న దగ్గరే మాటలు అయిపోయాయి. పెట్టేశాక ఆ బొంబాయి అమ్మాయి హిందీలో, "దీదీ, లైన్ చాలా బాగుంది కదా ఇవాళ" అని మాత్రం అన్నది.

సూపర్‌వైజర్ ఆత్మారాం గారు నేను అడగకముందే సెలవు చీటీ రాసి నా ముందు పెట్టారు. ఇంటికి నడిచాను. ఎండలో ఆగకుండా నడిచాను. వదిన వాకిట్లో చెరుకు ఆకు ఊడుస్తోంది. నా ముఖం చూసి చీపురు కింద పెట్టింది. నేను నోరు తెరిచేలోపే, "ఎప్పుడొస్తుండు?" అన్నది.

20 సెప్టెంబర్

నిజామాబాద్ స్టేషన్‌కు నేనూ వదినా వెళ్లాం. మన్మాడ్ బండి రెండు గంటలు లేటు.

అన్న చివరి పెట్టెలోంచి దిగాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. భుజం మీద విమానంలో ఇచ్చిన కంబళి, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఆరేళ్ల సంపాదన అదే.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నేను ముందు చూసింది అన్న ముఖం కాదు. సంచి.

అన్న నా చూపు చూశాడో లేదో. దగ్గరికొచ్చి ఎట్లున్నవని కూడా అడగకుండా, తప్పు చేసినవాడిలాగా చెప్పడం మొదలుపెట్టాడు. "నీ గోలీలు రెండు సీసలు కొని పెట్టిన గంగా. పెట్టెల బట్టల నడుమ పెట్టిన. బస్రా దాటినంక బస్సు మీది సామాను మొత్తం దించమన్నరు. మల్ల ఎక్కనియ్యలే. జేబుల పెట్టుకుందామన్న సోయి లేకపాయె."

"నా దగ్గర ఉన్నయి అన్నా" అన్నాను.

"నిజం చెప్పు."

"ఉన్నయి. డాక్టర్ చూస్తనన్నడు. నువ్వు వచ్చినవు గద."

చెప్తున్నప్పుడు ఓదార్చడానికే చెప్పాననుకున్నాను. చెప్పాక చూస్తే అదే నిజం. గుండెల మీంచి ఏదో దిగిపోయింది. కొత్త మాత్రలు రావని ఇప్పుడు స్పష్టంగా తెలిసినా దిగిపోయింది.

బోధన్ బండిలో అన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వదిన నా పక్కన కూర్చుంది. జానకంపేట దాటాక చేయి పట్టుకుని మెల్లగా అన్నది: "నేను కూడ ముందుగాల సంచే జూసిన."

నేను తల ఎత్తలేకపోయాను.

"మొఖం కంటె ముందుగాల సంచి జూసిన గంగా. నీ గోలీలు తెచ్చిండేమో అని."

బోధన్ దాకా ఆ చేయి వదల్లేదు.

26 సెప్టెంబర్, సద్దుల బతుకమ్మ

వదిన నా భుజం దాకా వచ్చేంత బతుకమ్మ పేర్చింది. గునుగు పూలకు అన్న తెల్లారగట్ల వెళ్లాడు. వాచిన కాళ్లతోనే.

28 సెప్టెంబర్

గోదావరి దొరకబట్టింది.

నాందేడ్ నుంచి ఔరంగాబాద్, అక్కడి నుంచి బొంబాయి. బొంబాయిలో ఆ రోజు లైన్ కట్ చేయని అమ్మాయే. ఆమె భర్త పనిచేసేది మందుల గోదాములో. వాళ్ల వీధిలోనే ఒక పెద్దమనిషి బయటి దేశం మందులు తెప్పిస్తాడట. ఉప్పు మాత్ర ఆయన దగ్గర ఉంది.

"కాని తాయీ, ఆరు సీసాలకు తక్కువైతె పంపడట. ఒక్కొక్క సీసకు కాగితాలు, తపాలా ఎవడు చూసుకుంటడు అంటుండు. ఆరు తీసుకుంటె మాత్రం ధర తగ్గిస్తడు. మూడు నెలలకొకసారి తప్పకుండ పంపిస్తడు. డాక్టర్ చీటీ ఉండాలె."

"ఆరు నేనేం చేసుకోవాలె?"

"అదే నేను అడిగిన. నీ అసొంటోళ్లు ఇంకెవరు లేరా అని. ఔరంగాబాద్‌ల ఇద్దరున్నరట. పర్భణిల ఒకామె, బ్యాంకుల పని చేస్తది. నాందేడ్ పెద్ద దవాఖానల అడిగితె ఒకరి పేరు చెప్పిండ్రు. నీతోని ఐదుగురు."

నేను చెవి నుంచి హెడ్‌సెట్ తీసి మళ్లీ పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లలో ఈ జబ్బున్న ఇంకో మనిషి పేరు నేను వినలేదు. ఒక్క రైలు దారిలోనే ఐదుగురం.

సాయంత్రం రామస్వామి గారికి ఫోన్ చేశాను. చీటీ ఇస్తానన్నారు. ఆరో మనిషి కావాలని చెప్తే, "ఉన్నడు" అన్నారు. "జక్రాన్‌పల్లిల లింబయ్య అని, పసుపు పండిస్తడు. రెండేండ్ల సంది ఉప్పుతోని, సూదులతోని నెట్టుకొస్తున్న. ఈ మందు దొరకదని నేనే చెప్పిన ఆయనకు."

8 అక్టోబర్

పార్శిల్ వచ్చింది. దారిలో నలుగురికి నాలుగు దింపి, బోధన్‌కు రెండు. నాకొకటి, లింబయ్యకొకటి. పాత సీసాలో ఇవాళ్టి మాత్రే చివరిది.

ఒక సీసా ఖరీదు నా రెండు రోజుల జీతం కంటే తక్కువ. అన్నకు చెప్తే నమ్మలేదు. కువైట్‌లో ఇంకా ఎక్కువ పెట్టేవాణ్ననీ, ఎన్నడూ చెప్పలేదనీ అన్నాడు. చెరుకు క్రషింగ్ మొదలైతే ఫ్యాక్టరీ లారీ నడపడానికి పిలిచారట. మళ్లీ పోనని అవ్వ తల మీద చేయి పెట్టి చెప్పాడు. అవ్వ, "తల మీద కెల్లి చెయ్యి తియ్యి, పొగాకు పడ్తది" అన్నది.

10 అక్టోబర్

లింబయ్య ఎక్స్‌ఛేంజ్‌కు వచ్చాడు. నలభై ఐదేళ్లు ఉంటాయి. కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. కిటికీ దగ్గర నిలబడి, "గంగమణి మేడం అంటె ఎవరు?" అని అడిగాడు.

లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాను. సీసా ఇచ్చాను. తీసుకోవడానికి చాపిన చేయి చూశాను. అరచేతి గీతలు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. నేను కూడా నా చేయి పక్కన పెట్టి చూపించాను. నావి ఇప్పుడు వెలిసిపోయాయి కానీ జాడ ఉంది.

ఆయన రెండు చేతులనూ చాలాసేపు చూశాడు.

"మీకు కూడ చింతపండు, ఉప్పు గల్లు తినబుద్ధయితుండెనా?"

"రాత్రిపూట లేచి డబ్బాల చెయ్యి పెట్టేదాన్ని."

"నిలబడితె కండ్లు తిరుగుడు?"

"తిరుగుడే. పడుడే."

"నా పెండ్లాం, పిల్లలు నాకేదో చేసిండ్రనుకున్నరు మేడం. ఎవరో మందు పెట్టిండ్రని. నేనూ అట్లనే అనుకున్న. ఇసొంటిది నాకొక్కనికే ఉన్నదనుకున్న."

"ఈ దారిల ఆరుగురం ఉన్నం" అన్నాను.

మూత తీయడం ఆయనకు రాలేదు. తీసి ఇచ్చాను. ఒక మాత్ర అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించి చూశాడు. ఇంత చిన్నదా అన్నట్టు. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. మింగి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"ఎన్ని దినాలకు తెలుస్తది?"

"మూడు దినాలు పడుతది. నాలుగో దినం మీరే చెప్తరు."

"గంతేనా" అన్నాడు. సీసాను అంగీ లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో ఒకసారి అదిమి చూసుకున్నాడు. "రెండేండ్లు ఆగిన. మూడు దినాలు ఎంత."

బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి. బస్సుకు ఇంకా గంట టైం ఉందంటే ఆయనను అక్కడే కూర్చోమని చెప్పి వెళ్లి ప్లగ్గులు పెట్టాను. తిరిగి చూస్తే గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. బస్సు వేళకు లేపాను.